దీపం వెలిగితే తప్పు సెన్సర్‌దేనా?

కారుకు కొత్త సైలెన్సర్ పెట్టించారు. చప్పుడు గంభీరంగా ఉంది. ఇంట్లో కుర్రాడు మురిసిపోయాడు. పనిలో పనిగా కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీయించి, గాలి ధారాళంగా ఆడుతుందని కోన్ ఫిల్టర్ కూడా బిగించారు. వారం తిరక్కముందే డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో ఓ పసుపు దీపం! షెడ్డుకు తీసుకెళితే స్కానర్ పెట్టి చూసి, 'ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్, మార్చేయాలి' అన్నారు. వేలు పోసి మార్పించారు. నాలుగు రోజులు దీపం ఆరింది. అయిదో రోజు మళ్లీ వెలిగింది. పైగా లీటరుకు పదహారు ఇచ్చే బండి కాస్తా పన్నెండుకు దిగింది.

కారుకు సొంత మార్పులు చేయించుకున్న చాలామందికి ఈ కథ కొత్తేం కాదు. సైలెన్సర్ కావచ్చు, ఫిల్టర్ కావచ్చు, గ్యాస్ కిట్ కావచ్చు. దీపం వెలగ్గానే మొదటి వేటు పడేది మాత్రం సెన్సర్ మీదే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టన్నమాట. చాలాసార్లు ఆ సెన్సర్ తన పని తాను బుద్ధిగా చేస్తూనే ఉంటుంది. 'ఇక్కడేదో తేడాగా ఉంది' అని చెప్పడమే దాని నేరం. కాబట్టి దాన్ని మార్చేముందు అది ఏం చెబుతోందో వినాలి. వినడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. ఈ వారం ఆ సంగతే చూద్దాం.

పులుసులో ఉప్పు చూసినట్టు...

పెట్రోలు పూర్తిగా మండాలంటే దానికి తగినంత గాలి కావాలి. ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి. ఇదీ లెక్క. గాలి ఇంతకన్నా ఎక్కువైతే మిశ్రమం పలచన, మెకానిక్కుల భాషలో 'లీన్'. పెట్రోలు ఎక్కువైతే చిక్కన, అంటే 'రిచ్'. ఈ లెక్కను ఇంజనీర్లు 'లామ్డా' అనే గ్రీకు అక్షరంతో చెబుతారు. సరిగ్గా ఉంటే లామ్డా 1. లీన్ అయితే ఒకటి కన్నా ఎక్కువ. రిచ్ అయితే తక్కువ.

పాత కార్లలో కార్బురేటర్ ఉండేది. స్క్రూడ్రైవర్‌తో ఓసారి సర్దితే మళ్లీ సర్దేదాకా అంతే. ఇంజెక్షన్ కార్లలో ఆ పని ఈసీయూ అనే కంప్యూటర్ చేస్తుంది. ఎంత గాలి వస్తోందో చూసి, దానికి తగ్గ పెట్రోలు చిమ్మిస్తుంది. చిమ్మింది సరిపోయిందా లేదా అన్నది దానికి ఎలా తెలియాలి? పులుసులో ఉప్పు వేసిన ఇల్లాలు గరిటెతో అరచేతిలో చుక్క వేసుకుని రుచి చూసినట్టు, ఈసీయూ పొగ రుచి చూస్తుంది. ఆ నాలుకే ఆక్సిజన్ సెన్సర్. స్పార్క్ ప్లగ్గు ఆకారంలో ఉండి, పొగగొట్టంలోకి ముక్కు పెట్టుకుని కూర్చుంటుంది.

బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సర్ 1976లో వోల్వో కార్లతో తొలిసారి రోడ్డెక్కింది. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే మిశ్రమం లామ్డా 1 దగ్గరే తిరుగుతుండాలి. అందుకే ఆ రెండూ జంటగా వచ్చాయి. సీసం కలిసిన పెట్రోలు ఈ రెండింటికీ విషం. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు మాత్రమే అమ్మడం 2000 ఫిబ్రవరిలో మొదలైంది. హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో 2010లో బీఎస్-4 ప్రమాణాలు వచ్చాయి. 2017 ఏప్రిల్‌లో దేశమంతటికీ విస్తరించాయి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6. ఇవాళ రోడ్డు మీదున్న పెట్రోలు కార్లలో ఎక్కువ వాటికి కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి, మొత్తం రెండు సెన్సర్లుంటాయి. ముందుది మిశ్రమాన్ని సరిదిద్దడానికి. వెనకది కన్వర్టర్ పనిచేస్తోందో లేదో కనిపెట్టడానికి.

మామూలు రకం సెన్సర్ లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థం ఉంటుంది. అది సుమారు 300 డిగ్రీల సెల్సియస్ పైన వేడెక్కితేగానీ మాట్లాడదు. త్వరగా వేడెక్కడానికే అందులో చిన్న హీటర్ పెడతారు. పొగలో ఆక్సిజన్ బాగా మిగిలితే, అంటే మిశ్రమం లీన్ అయితే, 0.1 వోల్టు దగ్గర ఉంటుంది. రిచ్ అయితే 0.9 వోల్టు దాకా వెళుతుంది. మధ్య గీత 0.45. ఇంజిన్ వేడెక్కి సక్రమంగా నడుస్తున్నప్పుడు ముందు సెన్సర్ సూచిక ఈ రెండు కొసల మధ్యా ఊయల ఊగినట్టు ఊగుతూనే ఉంటుంది. ఈసీయూ కొంచెం పోస్తుంది, కొంచెం తగ్గిస్తుంది, మళ్లీ పోస్తుంది. ఊగుతుంటే ఆరోగ్యం. ఒక కొసనే అతుక్కుపోతే అనారోగ్యం.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఈ సెన్సర్‌కు పెట్రోలు కనిపించదు. ఆక్సిజన్ ఒక్కటే కనిపిస్తుంది. ఇబ్బందులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

కంప్యూటర్ రాసుకునే చిట్టా

సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయూ ఎంత పెట్రోలు కలిపిందో, ఎంత తగ్గించిందో శాతాల్లో రాసుకుంటుంది. దీన్నే 'ఫ్యూయల్ ట్రిమ్' అంటారు. అప్పటికప్పుడు చేసే సర్దుబాటు షార్ట్ టర్మ్. చాలా రోజులుగా చేస్తూ అలవాటైపోయిన సర్దుబాటు లాంగ్ టర్మ్. ప్లస్ ఉంటే పెట్రోలు కలుపుతోందని అర్థం, మైనస్ ఉంటే తగ్గిస్తోందని. రెండూ కూడితే అసలు లెక్క తేలుతుంది.

మొత్తం అయిదు శాతం లోపు అటూ ఇటూగా ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. పది దాటితే కనిపెట్టి చూడాలి. ఇరవై, పాతిక దాటితే చాలా కార్లలో దీపం వెలుగుతుంది. ప్లస్ వైపు దాటితే పీ0171, అంటే 'మిశ్రమం మరీ లీన్' అనే కోడ్. మైనస్ వైపు దాటితే పీ0172, 'మరీ రిచ్'. గమనించారా? ఈ రెండు కోడ్‌లలోనూ సెన్సర్ చెడిపోయిందన్న మాటే లేదు. సెన్సర్ సర్క్యూట్ గురించి చెప్పేవి పీ0130 లాంటివి. దాని హీటర్ గురించి చెప్పేది పీ0135. పీ0420 వస్తే కన్వర్టర్ పనితనం తగ్గిందని ఫిర్యాదు. కోడ్ ఏదో అడిగి కాగితం మీద రాయించుకోకుండా 'సెన్సర్ కోడ్ వచ్చింది' అన్న ఒక్క మాటకే జేబులో చెయ్యి పెట్టకండి.

ఈ చిట్టా చూడటానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. స్టీరింగ్ కింది భాగంలో 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో గుచ్చే ఈఎల్ఎం 327 లాంటి చిన్న బ్లూటూత్ పరికరం, సెల్‌ఫోన్‌లో ఒక యాప్ ఉంటే ట్రిమ్‌లు, సెన్సర్ వోల్టేజీ ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

మరో చిన్న మాట. పెట్రోలులో ఇథనాల్ పాలు పెరిగేకొద్దీ పూర్తిగా మండటానికి కావాల్సిన గాలి తగ్గుతుంది. 20 శాతం కలిసిన దానికి ఆ లెక్క 14.7 నుంచి 13.5 చుట్టుపక్కలకు వస్తుంది. అంటే అదే గాలికి ఇంధనం కాస్త ఎక్కువ కావాలి. పాత కార్లలో ట్రిమ్ కొన్ని శాతాలు ప్లస్ వైపు జరగడం ఇందువల్ల కూడా కావచ్చు. ఆరేడు శాతం చూసి హడలిపోకండి. ఇరవై చూస్తే మాత్రం నెపం ఇథనాల్ మీదకు తోసి ఊరుకోకండి.

మనం చేయించిన మార్పులే...

కంపెనీ కారును ఒక లెక్క ప్రకారం తయారుచేస్తుంది. గొట్టం లావు, ఫిల్టర్ డబ్బా, సెన్సర్ కూర్చునే చోటు, అన్నీ ఆ లెక్కలో భాగమే. ఒక్కటి మార్చినా లెక్క కదులుతుంది. ఎక్కడెక్కడ ఎలా కదులుతుందో చూడండి.

సైలెన్సర్: పొగ ఏకధారగా రాదు. గుక్కలు గుక్కలుగా వస్తుంది. గుక్కకీ గుక్కకీ మధ్య గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. సెన్సర్‌కు ముందున్న జాయింట్‌లో చిన్న సందున్నా ఆ క్షణంలో బయటి గాలి లోపలికి పోతుంది. సెన్సర్‌కు ఆ గాలిలోని ఆక్సిజన్ కనిపిస్తుంది. 'లీన్, లీన్' అని కేక పెడుతుంది. నమ్మిన ఈసీయూ పెట్రోలు పోస్తూ పోతుంది. అసలు మిశ్రమం బాగానే ఉన్నా చిక్కనైపోతుంది. మైలేజీ పోయేది ఇక్కడే. పొగగొట్టాల మొదటి భాగాన్ని మార్చి 'హెడర్' పెట్టిస్తే ఇంకో చిక్కు. సెన్సర్‌ను ఇంజిన్‌కు దూరంగా బిగిస్తే ఐడిలింగ్‌లో చల్లబడి మందగిస్తుంది. నాలుగు గొట్టాలు కలిసేచోట కాకుండా ఒక గొట్టంలోనే బిగిస్తే అది ఒక్క సిలిండర్ సంగతే చెబుతుంది. మిగతా మూడూ ఆ లెక్కనే నడవాలి!

కోన్ ఫిల్టర్: కొన్ని కార్లలో లోపలికి వచ్చే గాలిని మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ నేరుగా కొలుస్తుంది. ఇందులో సన్నటి వేడి తీగ ఉంటుంది. నూనె పట్టించే రకం ఫిల్టర్‌కు మోతాదు మించి నూనె రాస్తే అది వెళ్లి ఆ తీగ మీద కూర్చుంటుంది. కొలత తప్పుతుంది. గాలి పీడనాన్ని బట్టి లెక్కకట్టే మ్యాప్ సెన్సర్ కార్లలో ఈ బాధ లేదు. కానీ బానెట్ కింది వేడిగాలి పీల్చుకునే బాధ ఉంది. మన ఎండలకు అదేమంత లాభం కాదు.

గ్యాస్ కిట్: మన దగ్గర అందరికన్నా ఎక్కువగా కనిపించే మార్పు ఇదే. పెట్రోలుకు 14.7 అయితే ఎల్పీజీకి సుమారు 15.6, సీఎన్జీకి 17 దాటి గాలి కావాలి. సీక్వెన్షియల్ కిట్‌లో మరో చిన్న కంప్యూటర్ ఉంటుంది. పెట్రోలు ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో ఈసీయూ చెప్పగానే ఇది ఆ సమయాన్ని గ్యాస్ లెక్కలోకి మారుస్తుంది. ఆ మార్పిడి పట్టికనే గ్యాస్ మ్యాప్ అంటారు. దాన్ని సరిగ్గా కుదర్చకపోతే గ్యాస్ మీద మిశ్రమం లీన్ అవుతుంది. ఈసీయూ తన చిట్టాలో ప్లస్ ఇరవై రాసుకుంటుంది. మర్నాడు పొద్దున బండి పెట్రోలు మీద స్టార్ట్ అయినప్పుడు అదే ప్లస్ ఇరవై పెట్రోలు మీద కూడా వేస్తుంది. 'గ్యాస్ మీద బాగానే పోతుంది గానీ పెట్రోలు మీద పొగ, జర్కులు' అని చాలామంది మొరపెట్టుకునేది ఇందుకే.

ప్లగ్గు ఒకటి చెబితే, స్కానర్ ఇంకొకటి

ఇప్పుడు అసలు కిటుకు. ఒక్క సాక్షి మాట విని తీర్పు చెప్పకూడదు. రెండో సాక్షిని పిలవాలి. ఆ రెండో సాక్షి మన పాత నేస్తం, స్పార్క్ ప్లగ్గు.

నాలుగు ప్లగ్గులూ విప్పించి వరసగా పెట్టి చూడండి. కొస లేత గోధుమ రంగులో ఉంటే మిశ్రమం బాగున్నట్టు. పొడిపొడిగా నల్లటి మసి పట్టి ఉంటే రిచ్. తెల్లగా కాలినట్టుంటే లీన్ కావచ్చు.

స్కానర్ లీన్ అంటోంది, ప్లగ్గులూ తెల్లగా ఉన్నాయి. ఇద్దరు సాక్షులదీ ఒకటే మాట. నిజంగానే పెట్రోలు చాలడం లేదు, లేదా దొంగచాటుగా గాలి వస్తోంది. అదే స్కానర్ లీన్ అంటుంటే ప్లగ్గులు నాలుగూ నల్లగా, సైలెన్సర్ కొస మసిగా, పెట్రోలు వాసనతో ఉంటే? అక్కడ సెన్సర్‌ను ఎవరో మోసం చేస్తున్నారు. నూటికి తొంభై పాళ్లు ముందు చూడాల్సింది సెన్సర్‌కు ముందున్న పొగగొట్టం లీకేజీ. ఒకే ఒక్క ప్లగ్గు నల్లగా తడిగా ఉండి మిగతా మూడూ బాగుంటే ఆ సిలిండర్ మిస్సింగ్ కొడుతోంది. మండని సిలిండర్‌లోంచి పెట్రోలుతోపాటు వాడని ఆక్సిజన్ కూడా బయటికొస్తుంది. సెన్సర్‌కు పెట్రోలు కనిపించదని చెప్పుకున్నాం కదా. ఆక్సిజన్ చూసి అది లీన్ అనేస్తుంది. అప్పుడు మార్చాల్సింది ప్లగ్గో, కాయిలో. సెన్సర్ కాదు.

వరస తప్పకుండా చూడండి

మొదట, కోడ్ చెరిపేయనివ్వకండి. చెరిపితే దాంతోపాటు ట్రిమ్ చిట్టా, దీపం వెలిగిన క్షణంలో ఇంజిన్ ఏ స్థితిలో ఉందో దాచిన 'ఫ్రీజ్ ఫ్రేమ్' కూడా పోతాయి. బ్యాటరీ వైరు పీకినా చాలా కార్లలో ఇదే జరుగుతుంది. అన్నీ రాసుకున్నాకే ఏదైనా.

తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, ఏసీ ఆపి, రెండు చోట్ల ట్రిమ్ రాయండి. ఒకటి ఐడిలింగ్‌లో. రెండోది ఎక్సలేటర్ తొక్కి 2500 ఆర్పీఎం దగ్గర నిలిపి. ఇక చదవడమే.

ఐడిలింగ్‌లో ప్లస్ ఎక్కువగా ఉండి, 2500 దగ్గర తగ్గితే ఎక్కడో గాలి దూరుతోంది. ఇన్‌టేక్ వైపు చిరిగిన వాక్యూమ్ పైపు కావచ్చు, పొగగొట్టం జాయింట్ కావచ్చు. ఇంజిన్ నెమ్మదిగా నడిచేటప్పుడు ఆ కాస్త గాలే పెద్ద వాటా. వేగం పెరిగితే లెక్కలోకి రాదు. మ్యాప్ సెన్సర్ కార్లలో వాక్యూమ్ పైపు చిరిగితే ట్రిమ్ అంతగా పెరక్కుండా ఐడిలింగ్ వేగమే పెరగొచ్చు. అదీ ఒక ఆనవాలే.

ఐడిలింగ్‌లో బాగానే ఉండి, లోడు మీద ప్లస్ పెరిగితే పెట్రోలు అందడం లేదు. పంపు బలహీనపడటం, ఫిల్టర్ పూడుకుపోవడం, ఇంజెక్టర్లు మూసుకుపోవడం లాంటివి చూడాలి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న కారైతే దాని తీగకు మురికి పట్టిందేమో చూడాలి.

రెండు చోట్లా మైనస్ ఎక్కువగా ఉంటే పెట్రోలు ఎక్కువ వస్తోంది. కారే ఇంజెక్టర్, పెట్రోలు ప్రెషర్ ఎక్కువ కావడం, ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌కు పంపే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోవడం వంటివి కారణాలు.

ఉదాహరణకు ఫ్రీ ఫ్లో సైలెన్సర్ పెట్టించిన బండిలో ఐడిలింగ్‌లో షార్ట్ ప్లస్ 8, లాంగ్ ప్లస్ 18 వచ్చాయనుకుందాం. మొత్తం 26. అదే 2500 దగ్గర ప్లస్ 2, ప్లస్ 5, మొత్తం 7. ప్లగ్గులు నల్లగా ఉన్నాయి. ఇంకేం కావాలి? కొత్త సైలెన్సర్ కోసం విప్పిన ముందు జాయింట్ గ్యాస్కెట్ మీదే అనుమానం. దాని ఖరీదు సెన్సర్ ఖరీదులో పదో వంతు కూడా ఉండదు.

అనుమానం తీర్చుకోవడం ఎలా? ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఆపి ఉంచి, సైలెన్సర్ కొస నుంచి వాక్యూమ్ క్లీనర్ బ్లోయర్‌తో గాలి కొట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్లు పోయాలి. బుడగలొస్తే దొంగ దొరికినట్టే. లీకున్నచోట నల్లటి మసి చారలు కూడా కనిపిస్తాయి. ఇన్‌టేక్ వైపు అయితే షెడ్డులో స్మోక్ టెస్ట్ చేయించండి. నడుస్తున్న వేడి ఇంజిన్ మీద పెట్రోలో, కార్బురేటర్ క్లీనరో చిమ్మి 'సౌండు మారిందా' అని చూసే పద్ధతి ఇప్పటికీ కొన్ని షెడ్లలో ఉంది. నిప్పంటుకుంటే బండి దక్కదు, మనిషికీ ప్రమాదం. వద్దనండి.

గ్యాస్ కిట్ ఉన్న బండికి ఇంకో పరీక్ష ఉంది. గ్యాస్ స్విచ్చి ఆపేసి రెండు మూడు రోజులు పెట్రోలు మీదే తిప్పండి. ట్రిమ్ రాసుకోండి. తర్వాత గ్యాస్ మీద అవే దారుల్లో తిప్పి మళ్లీ రాసుకోండి. పెట్రోలు మీద సరిగ్గా ఉండి, గ్యాస్ మీద మాత్రమే దారి తప్పితే సెన్సర్‌కు ఏ జబ్బూ లేదు. గ్యాస్ ఫిల్టర్ మార్పించి, మ్యాప్ మళ్లీ కుదర్పించుకోండి. రెంటి మధ్యా తేడా అయిదు శాతం దాటకుండా కుదిర్చేవాడే మంచి ఫిట్టర్.

సెన్సర్ నిజంగానే పోతే?

పోదని కాదు. దానికీ ఆయుష్షుంది. అయితే దాన్నీ పరీక్షించే మార్చాలి. ఇంజిన్ వేడిగా ఉండగా ఎక్సలేటర్ ఒక్కసారి గభాలున తొక్కి వదిలితే వోల్టేజీ చటుక్కున 0.8 దాటాలి. వదలగానే కిందికి పడాలి. రెండు వైపులా చురుగ్గా స్పందించే సెన్సర్ బతికే ఉన్నట్టు. తీరిగ్గా లేచి తీరిగ్గా దిగితే ముసలిదైనట్టు. ఎంత తొక్కినా పైకి లేవకపోతే సెన్సరైనా పోయి ఉండాలి, ముందు చెప్పిన పొగగొట్టం లీకైనా ఉండాలి. రెండోది కాదని తేల్చుకున్నాకే మొదటిది.

కొత్త కార్లలో కొన్నింటికి వైడ్‌బ్యాండ్ రకం సెన్సర్లుంటాయి. వాటికి ఈ వోల్టుల లెక్క పనికిరాదు. స్కానర్‌లో లామ్డా అంకె చూడాలి. హీటర్ కోడ్ వస్తే ముందు ఫ్యూజు, తర్వాత వైరు చూడండి. కొత్త సైలెన్సర్ బిగించేటప్పుడు వైరు వేడి గొట్టానికి తగిలి కరిగిపోవడం మామూలే.

సెన్సర్‌ను చంపేవి మరికొన్ని ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్ తాగే బండి, కూలెంట్ లోపలికి కారే బండి దాన్ని త్వరగా పాడుచేస్తాయి. జాయింట్లకు పూసే మామూలు సిలికాన్ పేస్టు ఆవిరి తగిలినా ముక్కు మీద తెల్లటి పొర కట్టి మొద్దుబారుతుంది. సెన్సర్‌కు హాని చేయని రకం పేస్టే వాడమనండి. గొట్టానికి వెల్డింగ్ చేసేటప్పుడు సెన్సర్ విప్పి పక్కన పెట్టాలి. బ్యాటరీ వైరు కూడా తీసేయాలి. సెన్సర్ కోసం కొత్త చోటు వెల్డింగ్ చేస్తుంటే ముక్కు కిందికి ఉండేలా, అడ్డంగా ఉండే గీతకు కనీసం పది డిగ్రీలు వాలుగా బిగించాలి. లేకపోతే గొట్టంలో చేరే నీటి చుక్కలు దాంట్లో నిలిచి, వేడెక్కగానే లోపలి పింగాణీ పగులుతుంది.

దీపం ఆర్పడం వేరు, రోగం కుదర్చడం వేరు

కన్వర్టర్ పీకేసి ఖాళీ గొట్టం పెట్టి, వెనక సెన్సర్ కింద ఒక పొడుగు నట్టు బిగించి దీపం రాకుండా చేస్తామనేవారున్నారు. దీపం ఆరుతుంది. ఆ తర్వాత నిజంగా ఏం చెడినా చెప్పేవారుండరు. చెప్పేవాడి నోరు నొక్కేస్తే ఇల్లు బాగుపడుతుందా? పొల్యూషన్ పరీక్షలో క్యాటలిటిక్ కన్వర్టరున్న పెట్రోలు కారుకు లామ్డా 0.97 నుంచి 1.03 మధ్య ఉండాలన్నది నిబంధన. అక్కడ ఈ నట్టు కాపాడదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ కంపెనీ లెక్కకు విరుద్ధంగా చేసే మార్పులను ఒప్పుకోదు. సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే చెప్పింది. గ్యాస్ కిట్‌కు అనుమతి ఉంది. అయితే ఆమోదం పొందిన కిట్ కావాలి, ఆర్సీ పుస్తకంలో నమోదు కావాలి.

పరుగు కోసం ఈసీయూ ప్రోగ్రామ్ మార్పించిన వారికి ఒక హెచ్చరిక. ఎక్సలేటర్ పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లలో ఈసీయూ సెన్సర్ మాట పక్కనపెట్టి, తన పట్టిక ప్రకారం చిక్కటి మిశ్రమం ఇస్తుంది. ఆ పట్టిక తప్పయితే మామూలు సెన్సర్ ఆదుకోలేదు. ఫుల్ థ్రాటిల్‌లో లీన్ అయితే పిస్టన్ కరగడానికి ఎక్కువ సేపు పట్టదు. అలాంటి బండిని వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టి కొలిచే చోటే ట్యూన్ చేయించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనవి రెండు. పసుపు దీపం స్థిరంగా వెలిగితే నెమ్మదిగా షెడ్డు చేరొచ్చు. అదే దీపం టపటపా కొట్టుకుంటుంటే ఇంజిన్ గట్టిగా మిస్సింగ్ కొడుతోందని అర్థం. మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. అది ఎర్రగా కాలుతుంది. వేగం తగ్గించి పక్కకు ఆపండి. ఎండుగడ్డి మీద మాత్రం ఆపకండి. ఇక రెండోది, పొగగొట్టం లీకు మైలేజీతో పోయే సంగతి కాదు. రిచ్‌గా మండే ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. రంగుండదు, వాసనుండదు. నిలబెట్టిన కారులో ఇంజిన్, ఏసీ నడుస్తుండగా వెనక సీట్లో పిల్లలు నిద్రపోతుంటారు. లీకైన పొగ నేల కింది సందుల్లోంచి లోపలికి చేరితే ఆ నిద్ర నుంచి లేవకపోవచ్చు. కారులో కూర్చోగానే తలనొప్పి, వికారం అనిపిస్తుంటే అది కడుపులో తేడా అనుకోకండి. వెంటనే అందరినీ దింపి, ఇంజిన్ ఆపండి. లీకు సరిచేయించాకే మళ్లీ ఎక్కండి.

షెడ్డులో అడగాల్సినవి

• కోడ్ నంబరు ఏమిటి? ఫ్రీజ్ ఫ్రేమ్ చూశారా?
• ఐడిలింగ్‌లో, 2500 ఆర్పీఎం దగ్గర ట్రిమ్ ఎంతెంత?
• ప్లగ్గులు ఏ రంగులో ఉన్నాయి?
• సెన్సర్‌కు ముందున్న జాయింట్లలో లీకు లేదని చూశారా?
• గ్యాస్ బండి అయితే, పెట్రోలు మీద, గ్యాస్ మీద ట్రిమ్ విడివిడిగా చూశారా?
• ఎక్సలేటర్ తొక్కినప్పుడు సెన్సర్ స్పందిస్తోందా?

ఈ ఆరింటికీ జవాబు చెప్పి, ఆ తర్వాత కూడా 'సెన్సర్ మార్చాల్సిందే' అనే మెకానిక్ దొరికితే నిక్షేపంగా మార్పించుకోండి. ఆయన ఫోన్ నంబరు కూడా జాగ్రత్తగా రాసిపెట్టుకోండి.